వాసెనకుండ

అమావాస్యకి రావలసిన మొగుడి పడవ పున్నమి దాటినా తిరిగి రాకపోయేసరికి, మొగల్తూరు లోవమ్మకి జలుబు పట్టుకుంది. కాలు ఒకచోట నిలవదు. గుమ్మంలోకి పోయి సముద్రం వైపు చూస్తుంది, వచ్చి పొయ్యి ఎగదోస్తుంది, మళ్లీ గుమ్మంలోకి పోతుంది. కుడుములు ఉడికించే వాసెనకుండలోనే వావిలాకూ పసుపూ వేసి మరిగించి, దుప్పటి ముసుగేసుకుని ఆవిరి పడుతుంది. ఇంట్లో కుడుములన్నీ వావిలాకు వాసనే.

“పొద్దున్నేగా పట్టావు, మళ్లీనా అత్తా?” అంది కోడలు తలుపులమ్మ.

“గాలి మారిందే. ముక్కు దిబ్బడేసింది.”

మొగుడి పేరు ఏనాడూ నోట పలికిన మనిషి కాదు లోవమ్మ. ఎవరడిగినా “మా ఇంటాయన” అనేదే తప్ప ఆ పేరు ఎత్తేది కాదు. ఆ సాయంత్రం పొయ్యి ఆరిపోయి ఉండడం చూసి, కుండ మళ్లీ కాచి ఇద్దామని తలుపులమ్మ అత్త ముసుగేసుకున్న దుప్పటి అంచు పైకెత్తింది. కుండలో నీళ్లూ లేవు, ఆకూ లేదు. అత్త కుండలోకి మొహం వంచి, “పోలయ్యా... ఓ పోలయ్యా...” అని పిలుస్తోంది. ఖాళీ కుండ మగగొంతులా బొంగురుగా ఓయ్ అంటోంది.

“కప్పెయ్యవే,” అంది లోవమ్మ తలెత్తకుండానే, “ఆవిరి పోద్ది.”