చెక్క గరిటెతో మోటారు విన్న టెక్లె పెద్దమ్మ

విల్నియస్ నగరంలో మా భవనం మెట్ల కింది గదిలో టెక్లె పెద్దమ్మ పాత వాక్యూమ్ క్లీనర్లు బాగుచేసేది. అంతకుముందు ముప్పై ఏళ్లు, అవే తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమె పని వినడమే. వరసగా వచ్చే ప్రతి మోటారుకీ చెక్క పుల్ల ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకునేది. ఆమె సరేనంటేనే దాన్ని డబ్బాలో బిగించేవారు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి ఆమె దగ్గర చేరాను. నన్ను మాట్లాడమని అడిగేది కాదు, తనే మాట్లాడేది.

"మొదట్లో ఈ మిషన్ని గుర్రబ్బండి మీద తెచ్చి, గొట్టం కిటికీలోంచి ఇంట్లోకి దూర్చేవాళ్లట. తర్వాత స్వీడన్ వాళ్లు పొడుగు డబ్బాలో పెట్టి, కింద మంచు మీద జారే బండికి ఉన్నట్టు రెండు బద్దలు బిగించారు. వాళ్లకి ఇంకేం తోస్తుందీ! మనవాళ్లు బంతిలా గుండ్రంగా చేశారు."

బాగుచేశాక గాలి ఊదే వైపు గొట్టం తగిలించి, నిటారుగా పట్టుకుని, పైన పింగ్‌పాంగ్ బంతి వదిలేది. బంతి గాల్లో కుదురుగా నిలబడితే బలం ఉన్నట్టు. ఆ తర్వాత చెక్క గరిటెతో మోటారు వినేది.

ఆ చలికాలం ఆమెకు వినికిడి తగ్గింది. టీనీళ్ల కెటిల్ ఈల వేస్తున్నా కదిలేది కాదు; ఓసారి అది మాడిపోయింది కూడా. ఎండు రొట్టె కొరికితే మాత్రం "తలలో రాళ్లు దొర్లుతున్నాయే" అని విసుక్కునేది. ఎవరికీ చెప్పలేదు. ఆమె చెవిని నమ్మే జనం మిషన్లు తెచ్చేవారు మరి.

వసంతంలో మూడో అంతస్తు సలోమేయా తన వాక్యూమ్ క్లీనర్ మోసుకొచ్చింది. ఆవిడ గొంతు గోడలకైనా వినిపిస్తుంది.

"శనివారం మనవరాలి బాప్టిజం. దీనికి గాలి ఊదే వైపు సున్నం చిమ్మే సీసా తగిలించి పైకప్పుకి కొట్టాలి. మధ్యలో ఆగిందో, సగం తెలుపు, సగం మసి! ఇంటికొచ్చే ఫాదర్ ముందు నా పరువు తీయకు."

మిషను ఆన్ చేస్తే బంతి నిలబడింది. పెద్దమ్మ చెక్క గరిటె మోటారుకు ఆనించి చెవికి పెట్టుకుంది. ముఖంలో ఏమీ కదల్లేదు. సన్నటి కీచు నాకు గుమ్మం దగ్గరికే వినిపిస్తోంది.

"బాగానే ఉంది," అంది.

సలోమేయా ముందు చెబితే పెద్దమ్మ మాటకు ఇక విలువ ఉండదు. చెప్పకపోతే సున్నం కొడుతుంటే మోటారు ఆగి, ఆ విలువ ఎలాగూ పోతుంది. ఎండు రొట్టె గుర్తొచ్చింది: చెవికి అందని చప్పుడు ఆమెకు పళ్లలోంచి అందుతోంది. దగ్గరికెళ్లి, చెవి దగ్గరున్న గరిటె కొనను మెల్లగా ఆమె పెదాల దగ్గరికి తెచ్చాను. పళ్లు బిగించి చూపించాను.

ఆమె నా వంక చూసింది. కొరికింది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఏమే టెక్లె, మిషను బాగుచేస్తున్నావా, రుచి చూస్తున్నావా?"

"ఉప్పు చాల్లేదు," అంది పెద్దమ్మ. "బేరింగు అరిగింది. రేపు రా."

ఆవిడ వెళ్లాక గరిటె ఒళ్లో పెట్టుకుని పెద్దమ్మ అడిగింది. "ఎప్పట్నుంచి తెలుసే?"

"కెటిల్ మాడినప్పట్నుంచి," అన్నాను గట్టిగా.

"చెప్పలేదేం?"

"మీరూ చెప్పలేదు కదా."

ఆమె నా జడ సవరించి, కొత్త బేరింగు వెతకడానికి లేచింది.

శుక్రవారం పైన సలోమేయా ఇంట్లో మోటారు మోత మొదలైంది. పెద్దమ్మ గరిటె కొరికి, రెండో కొన మూడంతస్తులూ పాకే వేడినీళ్ల గొట్టానికి ఆనించి కూచుంది. ఆ మోత ఆగేదాకా నేనూ పక్కనే కూచున్నాను.

"ఒక్క కీచు లేదు," అంది పళ్ల సందుల్లోంచి.