వాన్‌ఫూ గారి నాలుగో కన్ను

మా తైచుంగ్‌లో టీ కొట్టు ముందు ఇద్దరు నిలబడ్డారంటే, అందులో ఒకడు ఫోన్ లెన్సుల పనిలో ఉన్నవాడే. రెండోవాడు నిన్నటిదాకా ఉండి మానేసినవాడు. ఇంతమందిలో చియెన్ వాన్‌ఫూ అంత పనికిరాని లెన్స్ డిజైనర్ని నేను చూడలేదు. ఇరవై ఆరేళ్లుగా అచ్చుల విభాగంలో ఉన్నదాన్ని, ఇప్పుడు దానికి పెద్దను కూడా. ఆ మాట అనే హక్కు నాకుంది.

ఫోన్ కెమెరా లెన్స్ అంటే ఒక గాజు బిళ్ల అనుకుంటారు బయటివాళ్లు. అది గాజూ కాదు, ఒకటీ కాదు. పప్పుబద్దంత ప్లాస్టిక్ బిళ్లలు మూడో ఐదో ఏడో, ఒకదాని వెనక ఒకటి. మేడ మీద డిజైన్ వాళ్లు వాటి వంపులు లెక్కగడతారు. కింద మేం ఆ వంపుల్ని ఉక్కులో చెక్కి అచ్చులు చేస్తాం. బొమ్మ మసకగా వచ్చిందంటే వాళ్లు అచ్చు తప్పంటారు, మేం వాళ్లు గీసిన గీత తప్పంటాం. నేను మా అత్తగారికైనా రెండుసార్లు క్షమాపణ చెప్పాను గానీ, అచ్చు తప్పు అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

వాన్‌ఫూ చేరిన నెలలోనే మా దగ్గర పేరు తెచ్చుకున్నాడు. మా యంత్రాల మీద ఒక్కోదానికి ఒక్కో పచ్చ ప్యాకెట్ ఉంటుంది, మొక్కజొన్న చిరుతిండి. అది యంత్రానిది. అది ఉన్నంతకాలం యంత్రం మొరాయించదు. ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. ఈ మహానుభావుడు ఒకరోజు భోజనం డబ్బా తెప్పించుకోవడం మర్చిపోయి, మూడో నంబరు యంత్రం మీది ప్యాకెట్ చింపి నిలబడే తినేశాడు. గంటలో యంత్రం ఆగిపోయింది.

"ఆకలేసింది యెన్ అక్కా," అన్నాడు మూతికంటిన పొడి తుడుచుకుంటూ. "అయినా దానికీ దీనికీ సంబంధం ఏంటి? లెక్కలో రాదుగా."

లెక్కలో రావాలి, అంతే. లోకంలో రాకపోయినా అతనికి పట్టదు. మేడ దిగి గీతలు తెచ్చేవాడు. చూడగానే నాకు ఒళ్లు మండేది.

"ఇంజనీరు గారూ, ఈ అంచు ఇంత పల్చగా ఉంటే ఎట్టా? కరిగిన ప్లాస్టిక్ అక్కడిదాకా పాకేలోపే గడ్డకట్టి చస్తుంది."

"లెక్కలో వస్తోందక్కా. మీ అచ్చులోనే ఏదో ఉంది."

"ఉంది. ఉక్కు ఉంది. మీ లెక్కలో అదొక్కటే లేదు."

ఇలా పదకొండేళ్లు. అతని గీత ఒక్కటి కూడా ఫోన్ దాకా పోలేదు. అతని వెనక చేరినవాళ్ల లెన్సులు దేశదేశాల జనం జేబుల్లో తిరుగుతుంటే, ఇతనివి సొరుగులో పడుండేవి. చాంగ్‌హువాలో ఉన్న తల్లి కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా వెనక్కి తిప్పి చూపిస్తూ, ఇందులో నీది ఏదిరా అని అడిగేదట. ఆ మాట అతనే చెప్పాడు నాతో.

"ఒక్కటి చాలక్కా. ఏదో ఒక ఫోన్లో నాది ఒక్కటుంటే, ఇదిగో అని అమ్మకి చూపిస్తా."

నేను నవ్వాను. నవ్వి ఊరుకోలేదు, మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. వాళ్లూ నవ్వారు.

పోయిన ఏడాది ఒక ఫోన్ కంపెనీ నుంచి ఆర్డర్ వచ్చింది. చవక ఫోన్, వెనక నాలుగు కళ్లు కావాలట. మొదటి మూడూ తలో పని చేస్తాయి. నాలుగోది చీమ కాలు కూడా కనబడేలా బాగా దగ్గరి వస్తువుల్ని చూడాలి. బిళ్లలు మూడే. మా డిజైన్ విభాగం మేనేజర్ ఫాంగ్ దాన్ని వాన్‌ఫూకి అప్పగించాడు. అతని చేతికి ఏకంగా ఒక ఆర్డర్ ఇచ్చారేమిటా అని నాకు ఆశ్చర్యం వేసింది.

ఆ సంగతి మిగతా మూడు లెన్సుల గీతలతో పాటు వచ్చిన కాగితం చూశాక అర్థమైంది. మొదటి మూడు లెన్సులకూ రెండేసి పేజీల పరీక్షలున్నాయి. నాలుగోదానికి ఒక్కటే వాక్యం: బయటి మెరుపు మాత్రం చూడాలి. బొమ్మ పరీక్ష లేదు. కాగితం పట్టుకుని మేడెక్కాను.

"దాని వెనక బొమ్మ పట్టేదేమీ ఉండదక్కా," అన్నాడు ఫాంగ్, సగ్గుబియ్యం గుళ్లు వేసిన ముత్యాల టీ గొట్టంతో పీలుస్తూ. "నల్ల కాగితం అంటిస్తారు. పక్కింటివాడి ఫోనుకి మూడు కళ్లుంటే మనదానికి నాలుగుండాలి, అంతే సంగతి. జనానికి లెక్కపెట్టడం వచ్చు, చూడటం రాదు."

"మరి వాన్‌ఫూకి?"

"చెప్పకు. ఈ పనిలో పడి నాలుగు నెలలుగా నా గదిలోకి గొడవకి రాలేదు. హాయిగా ఉన్నా."

గుడ్డికన్ను చేయించుకునే కంపెనీ, చేసిపెట్టే మా కంపెనీ, టీ పీల్చే ఫాంగ్. ఎవరి మొహాన ఉమ్మాలో తెలియలేదు. కిందికి దిగుతూ, వాన్‌ఫూకి చెప్పేద్దాం, ఇలాంటివాడికి ఇలాగే జరగాలి అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త సరదాగా కూడా అనిపించింది.

అతను నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో గీత లేదు, ఖాళీ కాగితం, పెన్సిలు.

"అక్కా, అంచు ఎంత మందం ఉంటే మీకు వీలుగా ఉంటుంది?"

పదకొండేళ్లలో మొదటిసారి అడిగాడు. చెప్పాల్సింది మింగేసి, మందం ఎంతో చెప్పాను.

తర్వాత రోజూ వచ్చాడు. మా పెద్ద పనివాడు ఆ-తిక్ పక్కన కూర్చుని, ప్లాస్టిక్ ఎక్కడ కుంచించుకుపోతుందో అడిగి రాసుకున్నాడు. ఆ-తిక్ కూడా మొండివాడే, బయటి మెరుపు చాలన్న లెన్సుకి వెంట్రుకలో వందో వంతు తేడా లేకుండా అచ్చు చెక్కాడు. మా విభాగంలో అంత మంచి అచ్చు మళ్లీ తయారు కాలేదు. బిళ్లలు పేర్చి మా పరీక్ష బల్ల మీద పెట్టి చూస్తే, వేలి ముద్ర గీతల మధ్య చెమట రంధ్రాలు కనిపించాయి. వాన్‌ఫూ ఏడ్చినంత పని చేశాడు. నేను అప్పుడూ చెప్పలేదు.

ఏడాది చివరి విందు శనివారం మధ్యాహ్నం పెట్టారు. ఫోన్ ముందురోజే దుకాణాల్లోకి వచ్చింది. వాన్‌ఫూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త ఫోన్ డబ్బా చంకన పెట్టుకుని నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మకి రేపు తీసుకెళ్తున్నా. ముందు మీరు చూడాలి."

పళ్లెంలో ఉడికిన రొయ్య ఉంది. 'దగ్గరి చూపు' అన్న గుర్తు నొక్కి, ఫోన్ దాని కంటికి ఆనించినట్టే పెట్టాడు. తెర మీద ఎర్రటి మసక. ఇంకాస్త దగ్గరగా, ఇంకాస్త దూరంగా. మసకే. నవ్వు మొహం మీదే ఉంది గానీ కళ్లు నవ్వడం మానేశాయి.

ఎంతైనా ఇంజనీరు. ఫోన్ తిప్పి పట్టుకుని, మొదటి కన్ను మీద వేలు పెట్టాడు. తెరలో మార్పు లేదు. రెండోదాని మీద ఇంకో వేలు. మార్పు లేదు. మూడో వేలు లేచింది. అది మూసుకుంటే తెర నల్లబడుతుంది, అప్పుడు తెరిచి ఉండేది అతని కన్నొక్కటే, అది గుడ్డిదని తెలిసిపోతుంది.

నేను ఫోన్ లాక్కున్నాను.

"అచ్చు తప్పు," అన్నాను. "ఆఖర్న అచ్చు దెబ్బతింది. మేం చూసుకోలేదు. మీ గీత బాగానే ఉంది."

బల్ల చుట్టూ నా మనుషులు పన్నెండుమంది. ఒక్కరి దవడా కదల్లేదు.

వాన్‌ఫూ మొహంలోకి మెల్లగా రక్తం వచ్చింది. "చెప్పానా! పదకొండేళ్లుగా చెప్తున్నానా లేదా!" అని లేచాడు. "అమ్మకి చెప్తా, నాది బాగానే ఉంది, వీళ్లే చెడగొట్టారని." పక్క బల్ల దగ్గరికెళ్లి చెప్పాడు. ఆ పక్క బల్లకీ వెళ్లాడు. హాలంతా మా వైపు తిరిగింది.

ఆ-తిక్ చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"అక్కా, మన అచ్చులో తప్పేంటి?"

"నోరు మూసుకుని తిను," అన్నాను.