అంగడిలో బడి మీటింగు

సిరిసిల్లలో మా వాడ బడికి ఈ ఏడు గడ్డుకాలం వచ్చింది. తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల టీసీలు అడుగుతున్నారు. ఇంకొందరు పోతే ఈ బడిని పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేస్తారు. నా మనుమరాలు రెండో తరగతి. బడి కమిటీలో నన్నూ వేశారు గానీ, మీటింగు పెడితే వచ్చేది కమిటీవాళ్ళమే. చాయ్ తాగి లేస్తాం. ఉట్నూరు అవతల ఒక ఊళ్ళో మాత్రం మీటింగుకు జనం నిండుతారని తెలిసి, చూసి వద్దామని బయలుదేరాను.

తెల్లవారకముందే కరీంనగర్ బస్సెక్కాను. అక్కడి నుంచి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు. టికెట్లకు మూడు వందల లోపే అయింది. ఈ దారి నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా బాపు తువ్వాళ్ళ మూటలతో ఇటు వారపు అంగళ్ళకు వచ్చేవాడు, వెంట నన్ను తెచ్చుకునేవాడు. ఆయనకు చదువు రాదు. బస్సు బోర్డులు నాతో చదివించేవాడు. నాకు అక్షరాలు నిలిచింది అట్లాగే. నా బడి గడప మాత్రం ఆయన ఒక్కసారి కూడా తొక్కలేదు. రమ్మని పిలిచినవారూ లేరు. జన్నారం దాటాక టేకు చెట్ల మధ్య బస్సు నెమ్మదించింది. ఆ పచ్చి వాసన మారలేదు.

ఉట్నూరులో దిగితే ఆటో అబ్బాయి అడిగాడు. "ఏడికి కాకా? అంగడికా? గుడ్డలమ్మనీకా?"

"కాదు బిడ్డా, సిరిసిల్ల నుంచి వచ్చిన, బడి మీటింగు చూడనీకి."

"మీటింగు చూడనీకి సిరిసిల్ల నుంచి వచ్చినవా!" నవ్వాడు. "నన్నైతే మా ఇంటామె గుంజుకపోతేగాని పోలే. ఎక్కు, నలభై ఇయ్యి."

బడి దగ్గర కాదు, ఆ ఊరి అంగడి దగ్గర దింపాడు. అంగడిలో ఉల్లిగడ్డల కుప్పల పక్కన జంపఖానా పరిచి ఉంది. అదే మీటింగు. బల్లలు లేవు, ఉపన్యాసాలు లేవు. పిల్లలు పుస్తకాలు పట్టుకొని ఎవరి అమ్మానాన్నల దగ్గరికి వాళ్ళు పోయి ఒక పాఠం చదివి వినిపిస్తున్నారు. సారు వెనకాలే తిరుగుతూ, పిల్ల ఎక్కడ తడబడుతోందో తల్లికి చెబుతున్నాడు.

"ఈ అమ్మానాన్నలు బడికి రారా సారూ?" అని అడిగాను.

"రెండేండ్లు పిలిచిన కాకా. పత్తి ఏరేటి దినాల పొద్దుగాల పదింటికి రమ్మంటే ఎవరొస్తరు? కూలి పోదా? ఖాళీ కుర్చీల ముంగట నేనే కూసున్న. అంగడి రోజు అందరు ఈడనే ఉంటరు. నేనే వచ్చిన."

పక్కనే మిరపకాయలమ్ముతున్న ఒకావిడకు కూతురు చదివి వినిపిస్తోంది. బేరానికొచ్చిన ఆయన తొందరపెట్టాడు. "అవ్వా, పావుకిలో జోకు, జల్ది."

"జర ఆగరాదే! మా బిడ్డ చదువుతుంది."

"ఎంతసేపు?"

"అయ్యేదాంక. నువ్వు గూడ విను, పుణ్యమొస్తది."

ఆయన సంచీ కింద పెట్టి నిజంగానే విన్నాడు. నేను అవతలికి తిరిగి చాలాసేపు ఉల్లిగడ్డలు చూస్తూ నిలబడ్డాను.

మా వాడలో అందరూ సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బతికేవాళ్ళు. సాంచె ఆపితే కూలి పోతుంది. అందుకని తిరిగొచ్చిన వారం మీటింగును కార్ఖానాలోనే, సాయంత్రం మనుషులు మారే వేళకు పెట్టాం. సాంచెల మోత ఆగింది. నూలు కండెలు చుట్టే ఒకామె కొడుకు పాఠం చదివి పుస్తకం మూయబోతే, "ఇంకోటి చదువు బిడ్డా" అంది. టీసీలు అడిగినవాళ్ళలో ఇద్దరు ఆగుతామన్నారు. మిగతావాళ్ళు చివరిదాకా కూర్చున్నారు. బడి నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇన్నేళ్ళూ జనం రాలేదని అనుకున్నాం గానీ, మేమే వాళ్ళ దగ్గరికి పోలేదని తెలిసింది.

చూడాలనుకునేవాళ్ళు ఆ ఊరి అంగడి ఏ వారమో ముందే కనుక్కొని వెళ్ళండి. మిగతా రోజుల్లో అక్కడ ఆ జంపఖానా కూడా ఉండదు.