మారెక్క బావి

జయరాముడు పాయింటు చూపిస్తే బోరులో నీళ్లు పడతాయని కదిరి చుట్టుపక్కల ఊళ్లలో పేరు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచేవాడు. టెంకాయ నిలువుగా లేచిన చోట మడమతో నేలను నొక్కి గుర్తు పెట్టేవాడు. ముప్పై ఏళ్లలో అలా ఎన్ని గుర్తులు పెట్టాడో అతనికే తెలియదు.

పన్నెండేళ్ల కిందట నల్లప్ప చేలో ఒక గుర్తు పెట్టాడు. ఆ చేను గట్టుకు అవతల జయరాముడి అక్క మారెక్క చీనీ తోట. మొగుడు తవ్వించి పోయిన బావే ఆ బత్తాయి చెట్లకు ఆధారం. నల్లప్ప బోరులో ఆరు వందల అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. జనం జయరాముడి మెడలో పూలదండ వేశారు. రెండో వేసవికి మారెక్క బావి అడుగు కనబడింది. ఆమె బిందెలతో నీళ్లు మోసి కొన్ని చెట్లనైనా బతికించాలని చూసింది. చివరికి ఓపిక లేక కట్టెలకు కొట్టించేసింది.

తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడటమే మానేసింది. దారిలో ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకు చూసేది. భూమి కింది నీళ్లు ఎవరి మాట వింటాయిలే అని అతనూ మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఈ ఏడు మాఘంలో మారెక్క జ్వరంతో పోయింది. దినాలు ముగిసిన మర్నాడు ఆమె కూతురు చౌడేశ్వరి బావి గట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంటే జయరాముడు వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక ఉద్యోగం గురించి అడిగాడు.

"బెంగుళూర్లో ఏం పని చేస్తాండావు పాపా?"

"ఆకాశంలో చానా దూరంనుంచి రేడియో అలలు వస్తాంటాయి మామా. దేశదేశాల్లో పెద్ద డిష్‌లు పెట్టి ఒకేసారి వాటిని పడతారు. ఒక చోటికి ముందొస్తాది, ఇంకో చోటికి రవ్వంత ఆలస్యంగా వస్తాది. ఆ తేడా చూస్తే భూమి ఎట్ల తిరుగుతాండాదో, దాని ఇరుసు ఎంత జరిగిందో తెలుస్తాది. ఆ లెక్కలే నా పని."

"ఇరుసు జరుగుతాదా?"

"మంచు కరిగినా జరుగుతాది, బోర్లేసి నీళ్లు తోడినా జరుగుతాది. తోడిన నీళ్లు చానా వరకు కడాకు సముద్రంలో చేరతాయి గదా. ఆ బరువు మారినందుకే పదిహేడేళ్లలో రెండున్నర అడుగులు జరిగిందని లెక్కేసినారు."

జయరాముడు చాలాసేపు బావిలోకి చూశాడు. "నేను చూపించిన నీళ్లు గూడా అందులో ఉండాయా?"

"అన్ని దేశాలవీ కలిస్తే అంత. నీది చిటికెడు గూడా కాదు మామా."

ఆమె ఓదార్పుగానే అంది. అతనికి మాత్రం దుఃఖం ఆగలేదు.

"భూమి సంగతి నాకేం తెలుసు పాపా. ఈ బావి నా వల్లే ఎండింది. ఆ పొద్దు టెంకాయ నల్లప్ప చేలో ఈ పక్క గట్టు కాడనే లేచింది. అక్క బావి ఉండాదని తెలిసే గుర్తు పెట్టినా. ఆ మాట అక్కకు చెప్పల్ల, చెప్పల్ల అనుకుంటానే ఇన్నేళ్లు పోయినాయి."

చౌడేశ్వరి అతని వైపు తిరిగింది.

"నువ్వొస్తావేమోనని అమ్మ రెండేళ్లు చూసింది మామా. తర్వాత చూసేది మానుకునింది."

అతను తలగుడ్డ తీసి మొహం కప్పుకున్నాడు.

ఆ వేసవిలో పాయింటు చూపమని ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చారు. "నా చేత కాదప్పా" అని పంపేశాడు. వాళ్లు పక్క మండలం నుంచి ఇంకొకణ్ణి పిలిపించుకున్నారు. బోరు బండి వచ్చిన రోజు జయరాముడు ఇల్లు కదల్లేదు. ఎనిమిది వందల అడుగులు దాటినా నీళ్లు పడక దుమ్మే లేస్తోందని ఎవరో వచ్చి చెబితే, తింటున్న అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.