గేటు గడియారం నలభై నిమిషాలు వెనక

కరెంటు పోయి జనరేటరు అందుకున్నప్పుడు వచ్చే డీజిలు వాసన నాకు ఇప్పటికీ పడదు. నిన్న మధ్యాహ్నం కూడా అంతే. విమానాల రాకపోకలను నడిపించే కేంద్రంలో, యంత్రాల గదిలో కూర్చుని ఉన్నాను. దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. ఆ వాసన వచ్చింది. నా కాళ్ళు నన్నడగకుండానే గేటు వైపు నడిచాయి. "గేటు గడియారం కూడా ఇప్పుడు మన తీగలోనే ఉంది కదా మేడమ్, ఎందుకు పోతారు?" అని తోటి ఇంజినీరు నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. వెళ్ళి చూశాను, సరిగ్గానే నడుస్తోంది. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను. సోమయ్య సారు పోయి రెండేళ్ళయింది.

ఈ పని నాకు నేర్పింది ఆయనే. సొంతూరు చిల్పూర్, ఇల్లు జనగామలో. రోజూ పొద్దున రైలెక్కి పట్నం వచ్చి, సాయంత్రం రైలుకు వెళ్ళేవాడు. నేను మహబూబాబాద్ అవతల తండా పిల్లను. ఇంట్లో మా భాష వేరు, బయట నేర్చుకున్న తెలుగు వేరు, ఆ తెలుగు విని ఆఫీసులో నవ్వేవాళ్ళు వేరు. చేరిన మొదటిరోజు నేను నోరు తెరవగానే ఇద్దరు సినిమా హాస్యగాళ్ళలా నన్ను అనుకరించారు. సారు వాళ్ళ వంక కూడా చూడలేదు. "నువ్వు గట్లనే మాట్లాడు బిడ్డా. గడియారానికి యాస లేదు. సరిగ్గ నడుస్తుందా లేదా, గంతే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఏది చెబితే అది నాకు వేదం.

మా పని చెప్పడానికి చిన్నది. ఉపగ్రహాలు పంపే సమయాన్ని ఒక పెద్ద గడియారం అందుకుంటుంది. రాడార్ తెరలు, పైలట్లతో మాటలు రికార్డు చేసే యంత్రాలు, గోడల మీది అంకెలు అన్నీ దాని మాటే వినాలి. వాటి మధ్య తేడా వస్తే, రేపు ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు ఎవరు ముందు చెప్పారో, ఎవరు ఎప్పుడు విన్నారో తేలదు. తప్పు చేయనివాడి మెడకు చుట్టుకుంటుంది. ఒకసారి ఒక యంత్రంలో మూడు సెకన్ల తేడా కనిపిస్తే సరిచేసి, లాగ్‌బుక్కులో రాయకుండా ఊరుకున్నాను.

"సరిచేసిన గద సార్."

"నువ్వు సరిచేసింది ఇప్పటిసంది. ఇంతకుముందు తప్పు నడిచిన టైం సంగతేంది? గా టైం గూడ రాస్తేనే సరిచేసినట్టు." ఆయన కోప్పడలేదు. పెన్ను తీసి నా ముందు పెట్టాడు.

ఆ తర్వాత రాష్ట్రం కోసం ఊళ్ళకు ఊళ్ళే రోడ్డెక్కిన రోజులు వచ్చాయి. రైళ్ళు ఆగిపోయి సారు రెండు రోజులుగా ఆఫీసులోనే ఉండిపోయాడు. షుగరు గోలీలు అయిపోయాయి. ఫోన్లో ఆ సంగతి విని కొడుకు రవి మందులు, జొన్నరొట్టెలు పట్టుకుని జనగామ నుంచి బండి మీద బయల్దేరాడు. రవికి భూపాలపల్లి బొగ్గుగనిలో ఉద్యోగం ఖాయమైంది. చేరమని కాగితం రావడమే తరువాయి. ఇక్కడ మాకు ఒంటిగంటకు పోయిన కరెంటు నలభై నిమిషాలకు వచ్చింది. యంత్రాల గదికి జనరేటరు ఉంది, గేటుకు లేదు. అక్కడి పాత గడియారం అప్పట్లో మా తీగలకు అందేది కాదు. కరెంటు పోతే ఆగేది, వస్తే ఆగిన చోటు నుంచే నడిచేది. కరెంటు రాగానే వెళ్ళి దాన్ని సరిచేయడం నా పని. నేను వెళ్ళలేదు. క్యాంటీన్ టీవీలో జనగామ స్టేషన్ చూపిస్తున్నారు. పట్టాల మీద వంటలు, పాటలు, బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు. నాకు తెలిసిన మొహం ఒక్కటైనా కనిపిస్తుందేమోనని కళ్ళప్పగించి కూర్చున్నాను. గడియారం మాటే మరిచాను.

రవి వచ్చినప్పుడు గేటు దగ్గరి కాపలాదారు తలెత్తి ఆ గడియారం చూసి, రిజిస్టరులో మూడూ యాభై అని రాశాడు. అయిదు దాటాక సారు కొడుకును సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాడు. అక్కడి గడియారం చూసి సరిచేసి, తిరిగొచ్చి లాగ్‌బుక్కు తీసి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: గేటు గడియారం నలభై నిమిషాలు వెనక. కరెంటు పోయినందున. సరిచేశాం. నన్ను మాత్రం "జర గేటు దిక్కు గూడ సూడాలె బిడ్డా" అన్నాడు, అంతే.

పది రోజులకు పోలీసులు రవిని పట్టుకుపోయారు. ఆ మధ్యాహ్నం రెండున్నరకు జనగామలో ఆగి ఉన్న రైలింజను అద్దాన్ని ఎవరో రాయితో కొట్టారు. డ్రైవరుకు ఒక కన్ను పోయింది. విసిరింది రవేనని ఎవరో చెప్పారట. తాను అప్పటికే బయల్దేరానని రవి నెత్తీనోరూ కొట్టుకున్నాడు. వకీలుకు మా గేటు రిజిస్టరు గుర్తొచ్చింది. దారి పొడవునా ముళ్ళకంపలు, కాలుతున్న టైర్లు. రెండున్నరకు జనగామలో ఉన్నవాడు మూడూ యాభైకి ఇక్కడ ఉండలేడు. గేటు గడియారం సరైనదేనని సారు ఒక్క సంతకం చేస్తే కేసు నిలవదన్నాడు. కానీ రవి నిజంగా గేటు దాటింది నాలుగున్నరకు. రెండు గంటలుంటే ఎట్లాగో రావచ్చు.

"సార్, మీకు దండం పెడుత. ఆ పేజీ ఎవ్వరు సూడరు. సంతకం పెట్టున్రి" అన్నాను.

"వాడు కొట్టలేదన్నడు. నేను నమ్మిన. ఎవ్వరడిగినా అదే చెప్త. గడియారం సరిగ్గున్నదని ఎట్ల చెప్పుదు?"

"మీ కొడుకు సార్!"

"కన్ను పోయినాయన గూడ ఒకల కొడుకే గద బిడ్డా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో రవి తెచ్చిన గోలీల డబ్బా ఉంది. దాన్ని తెరవలేకపోతున్నాడు. నేనే తీసుకుని తెరిచి ఇచ్చాను. గడియారాన్ని వదిలేసింది నేనేనని పోలీసులకూ, రవికీ చెబుతానన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అప్పటికి నా ఉద్యోగం పర్మినెంటు కాలేదు. మింగేశాను. మర్నాడు సారు ఆ లాగ్‌బుక్కు పేజీ నకలు తానే తీసుకెళ్ళి పోలీసులకు ఇచ్చాడు.

రవి నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. గని నుంచి వచ్చిన కాగితం గడువు దాటి చెత్తకాగితమైంది. రాష్ట్రం వచ్చాక కేసులు ఎత్తేశారు, మిఠాయిలు పంచారు. అప్పటికి రవికి ఉద్యోగం వయసు దాటింది. చిట్యాలకు మకాం మార్చి, అక్కడి నుంచి భూపాలపల్లికి ఆటో నడుపుతున్నాడు. తండ్రితో మాట మానేశాడు. సారు రిటైరయ్యే దాకా అదే రైల్లో వచ్చాడు, మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి సగం తిని మూసేవాడు. ఇంత నిక్కచ్చి ఎవరిని ఉద్ధరించడానికని ఆయన మీద నాకు మండిపోయేది. ఆ మంట నా మీదేనని తెలిసీ ఆయన మీదికి తోసేదాన్ని.

ఆయన పోయిన రోజు జనగామ వెళ్ళాను. రవి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి జరిగి చోటిచ్చాడు.

"ఆఖరికి దవాఖానల మాట్లాడుకున్నం అక్కా. 'గా గడియారాన్ని సూసుకునేటోళ్ళే లేకుండెనా బాపూ' అనడిగిన. 'నేనే మర్చిపోయిన కొడుకా, తప్పు నాదే' అన్నడు. తప్పు ఆయన చేసి, జైలుకు నేను పోయిన. గదే మింగుడు పడ్తలేదక్కా."

మూడు సెకన్లు దాచనివ్వని మనిషి. సొంత కొడుకు కోసం నలభై నిమిషాలు దాచనివ్వని మనిషి. చావుమంచం మీద ఆ కొడుకుతోనే నా కోసం అబద్ధమాడాడు. నేను అప్పుడైనా చెప్పాలి కదా! రవి చాయ్ తెప్పించాడు. తాగాను. సాయంత్రం రైలుకు వచ్చేశాను.

నిన్న గేటు దగ్గరి నుంచి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. అచ్చయ్యే దాకా ఆగను. రేపు ఈ కాగితాలు పట్టుకుని చిట్యాల ఆటో అడ్డాకు వెళ్తాను. రవి కొడతాడో, తిడతాడో, మొహం తిప్పుకుంటాడో తెలియదు. తప్పు నడిచిన కాలం కూడా రాస్తేనే సరిచేసినట్టు అని సారు చెప్పాడు కనుక రాస్తున్నాను: గేటు గడియారం నలభై నిమిషాలు వెనక. మరిచింది సోమయ్య సారు కాదు. నేను.