బ్రహ్మయ్య ఆచారి తోలు చెప్పులు

2022లో నంద్యాల జిల్లా అయింది. ఆ ఏడాది మా లేజర్ కటింగ్ షాపులో కూర్చుని అన్నం తినే తీరిక లేదు. ‘కర్నూలు జిల్లా’ అని ఉన్న బోర్డులన్నీ మారాలి కదా! ఆఫీసులు, బడులు, రైస్ మిల్లులు, ఆఖరికి మెడికల్ షాపులవాళ్ళు కూడా అక్రిలిక్ అక్షరాల కోసం వరస కట్టారు. మా ఆయన బోర్డులు బిగించడానికి ఊరంతా తిరిగేవాడు. బస్టాండు వెనక సందులో ఉన్న షాపు, అందులోని మిషను నావి. ఊళ్ళో అందరూ నన్ను లేజరక్క అంటారు. ఆ పేరు మిషను వల్ల రాలేదు, నీ నోటి వల్ల వచ్చిందని మా ఆయన ఎగతాళి. ఆయన్నేం అనలేను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ రద్దీలో ఒకరోజు ఓబులేసన్న వచ్చాడు. చెప్పులు కుట్టే మనిషి. షుగర్ జబ్బుతో కాళ్ళకు స్పర్శ పోయినవాళ్ళకు డాక్టరు చెప్పిన ప్రకారం చెప్పులు చేయడంలో మా ఊళ్ళో ఆయనకు మంచి పేరు. చంకలో మందపాటి తోలు, వెనకాల భయంభయంగా చూస్తూ ఒకామె.

“అక్కా, ఈ తోలు నీ మిషన్లో తెగుతాదా?”

“ముందు ఇది ఏ తోలో చెప్పన్నా. క్రోమ్ మందులో ఊరేసిందయితే నేను ముట్టను. దాని పొగ పీలిస్తే నేనే ఆస్పత్రిలో పడాల.”

“ఛీ, అది యాడ తెస్తా! తంగేడు చెక్కతో పదును చేసిన తోలు. వాసన చూడు.”

చూశాను. నిజమే. నా చిటికెన వేలంత మందం ఉంది. ఆ వెనకున్నామె పేరు ఈశ్వరమ్మ, ఆళ్ళగడ్డ నుంచి వచ్చింది. భర్త బ్రహ్మయ్య ఆచారి దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పి. ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పరిచింది. రెండు పాదాలను పెన్సిలుతో గీసుకొచ్చారు. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. వేళ్ళ మొదట్లో, అడుగు భాగాన, ఒక గుండ్రటి గుర్తు.

“ఈడ పుండక్కా. రాతి చిప్ప దిగింది. ఆయప్పకు తెలియనే తెలియలే. నేల మీద రక్తం చూసి నేను అరిస్తే, ‘ఎవరిదే అది?’ అని నన్నే అడిగినాడు.”

డాక్టరు ఆమెకు ఒకటే మాట చెప్పాడట. ఆ పుండు మీద బరువు పడకుండా ఉంటే కాలు ఉంటుంది, పడితే పోతుంది. అందుకే ఓబులేసన్న రెండు పొరల చెప్పు చేయాలనుకున్నాడు. అడుగున గట్టి తోలు, దాని మీద ఇంకో తోలు. పై పొరలో సరిగ్గా పుండు కిందికి వచ్చేచోట ఒక రంధ్రం. దాన్ని ఆయన కిటికీ అంటాడు. ఇంత మందం తోలులో కత్తితో కిటికీ కోస్తే అంచు గరుకుగా వస్తుంది, ఆ గరుకే ఇంకో పుండు చేస్తుంది. అందుకని నా దగ్గరికి వచ్చాడు.

లేజర్‌తో మందపాటి తోలు కోయడం అక్రిలిక్ కోసినంత సుఖం కాదు. ఒకేసారి తెగాలని పవర్ పెంచితే అంచంతా బొగ్గవుతుంది. తక్కువ పవర్‌తో అదే గీత మీద మళ్ళీ మళ్ళీ పోనివ్వాలి. ఒక్కో పోకను పాస్ అంటాం. వెలుగు సూదిమొనంత సన్నబడే చోటు ఫోకస్. గాటు లోతుకు దిగేకొద్దీ తోలును కొంచెం కొంచెం పైకి జరుపుతూ ఆ మొనకు అందించాలి. పక్కనుంచి ఎయిర్ అసిస్ట్ అనే గొట్టం గాలి ఊదుతూ మంట లేవకుండా చూస్తుంది. మసి అంటకుండా తోలు మీద పేపరు టేపు అతికిస్తాం. ఇంత చేసినా వెంట్రుకలు కాలిన కంపు తప్పదు. ఎదురుగా టీ కొట్టు అన్న ముక్కు మూసుకుని వచ్చి, “ఏంది లేజరక్కా, నా గిరాకీ అంతా పారిపోతాంది!” అని అరిచి పోయాడు.

కిటికీ అంచు మీద వేలు పెట్టి చూశాను. గాజులా నున్నగా వచ్చింది. ఈశ్వరమ్మ కూడా వేలు పెట్టి చూసింది.

“ఇంక కాలు నిలుస్తాదా అక్కా?”

“ఎందుకు నిలవదు? ఈ చెప్పులు తొడిగించు చాలు!” అన్నాను. పని బాగా కుదిరిందన్న సంబరంలో ఉన్నాను.

ఎండాకాలం ముదిరేసరికి ఓబులేసన్న మళ్ళీ వచ్చాడు. కొత్త గీత తెచ్చాడు. ఎడమ పాదానికి ఇప్పుడు బొటనవేలూ దాని పక్కదీ కూడా లేవు. నా ఒళ్ళు మండిపోయింది. “ఏం కుట్టినావన్నా నువ్వు? పుండు మానాల్సింది పోయి వేళ్ళు పోయినాయి!” అన్నాను. ఆయన ఊరుకుంటాడా? “నా కుట్టును అనద్దక్కా. నీ మిషనే యాడో తప్పు కోసింటాది” అన్నాడు. ఆ రోజు మేమిద్దరం సందంతా వినపడేలా పోట్లాడుకున్నాం. రెండో జత మాత్రం మరింత జాగ్రత్తగా కోశాను.

తర్వాత కొద్దిరోజులకు ఒక బోర్డు కొలత కోసం ఆళ్ళగడ్డ వెళ్ళాల్సి వచ్చింది. పని చూసుకుని ఆచారి షెడ్డు అడుగుతూ వెళ్ళాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, నిండా సగం సగం చెక్కిన దేవుళ్ళు. గేటు దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. నేను కోసిన చెప్పులు అక్కడ ఉన్నాయి, పక్కపక్కన పొందికగా విడిచి. లోపలి తోలు మీద కాలి మరక కూడా సరిగా పడలేదు.

లోపల ఆచారి నరసింహస్వామి విగ్రహం ముందు నిలబడి ఉన్నాడు. గుడ్డ చుట్టిన ఒట్టి కాలు, దాని కింద అన్నీ రాతి చిప్పలే.

“ఎవరు పాపా?”

“ఆ చెప్పులు కోసినదాన్ని. వాటిని గేటు కాడ పెట్టి, ఈడ ఒట్టి కాళ్ళతో ఏం చేస్తాండావు పెద్దాయనా?”

ఆయన ముఖం విప్పారింది. “నువ్వేనామ్మా? శానా బాగుండాయి. రోడ్డు మీద వేసుకుంటాండా.”

“రోడ్డు మీద ఎవరికి కావాల? ఈడ కదా చిప్పలుండేది!”

“ఈడ యట్ల వేసుకునేది తల్లీ? సామి ముందర చెప్పులతోనా?”

“సామి ఇంకా కళ్ళు తెరవనే లేదు. రాయే గదా!”

ఉలి ఆగింది. ఆయనకు కోపం రాలేదు, అదే నాకు ఇంకా బాధ. “నీకు రాయి. నేను మొదటి దెబ్బకు ముందే దండం పెట్టినా. మా నాయన ఇట్లే చేసె, ఆయన నాయనా ఇట్లే చేసె.”

“వాళ్ళకు షుగర్ లేదు!” అని గట్టిగా అరిచాను.

ఆయన పకపకా నవ్వాడు. షెడ్డు మూలనున్న ఈశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చేతిలో చీపురుంది. ఉలి దెబ్బకు చిప్ప రాలుతుంది, ఆమె ఊడుస్తుంది, మళ్ళీ రాలుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె పని అదే. “నేను చెప్పి చెప్పి అలిసినా అక్కా. నీ మాటన్నా వింటాడేమో చూడు” అంది.

తోలు వద్దంటే రబ్బరు చేసిస్తామన్నాను. కాలికి తొడిగితే ఏదైనా చెప్పేనన్నాడు. కాలికి వద్దంటే నేలకే పరుద్దామన్నాను. దానికి ఒప్పుకున్నాడు. ఇంటికి రాగానే మందపాటి రబ్బరు షీట్లు ఆటోలో పంపించాను. కానీ రబ్బరు మీద కూడా చిప్పలు రాలుతాయి కదా! “ఈ సామిని అప్పజెప్పినాక పని ఆపి కాలు చూసుకుంటా. మాట” అని నేను షెడ్డు నుంచి బయల్దేరేటప్పుడే అన్నాడు ఆచారి. నేను నమ్మాను. ఆ ముఖం చూసి నమ్మకుండా ఉండటం నా వల్ల కాలేదు.

మాట తప్పలేదాయన. స్వామిని లారీ ఎక్కించి పంపాకే కర్నూలు పెద్దాస్పత్రికి వెళ్ళాడు. అప్పటికే విషం పైకి పాకింది. మోకాలి కింద దాకా తీసేశారు. ఈశ్వరమ్మ వచ్చి, “ఎడమది వద్దక్కా ఈసారి” అని కుర్చీలో కూలబడింది. కుడి కాలికి ఒక్క చెప్పు కోశాను.

తర్వాత ఓబులేసన్న ఒక్కడే వచ్చాడు. చంకలో తోలు ఉంది, కానీ ఏ గీతా తేలేదు.

“ఆయప్ప పాయె అక్కా” అన్నాడు. ఫోను కలిపి నా చేతికిచ్చాడు.

అవతల ఈశ్వరమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. “దినాలకు గొడుగు, చెప్పులు దానం ఇయ్యాల గదక్కా. అంగట్లో కొనుక్కొస్తామంటాండారు మావాళ్ళు. నాకు మనసొప్పలే. ఆయప్ప కొలతకే కావాల నాకు. రెండు కాళ్ళకూ. అన్ని వేళ్ళతో.”

“చేసిస్తా తల్లీ.”

“కిటికీ పెట్టొద్దక్కా. ఇప్పుడు పుండు లేదు గదా.”

నా దగ్గర ఆయన నిండు ఎడమ పాదం కొలత లేదు. మొదటిసారి వచ్చినప్పటికే అందులో ఒక వేలు పోయింది. కంప్యూటర్లో కుడి పాదం తీసుకుని మిర్రర్ నొక్కాను. బొమ్మను అద్దంలో లాగా తిప్పే బటన్ అది, రోజూ వాడేదే. తెర మీద ఎడమ పాదం ఐదు వేళ్ళతో వచ్చి నిలబడింది. ఓబులేసన్న తల పక్కకు తిప్పుకున్నాడు. తోలు తెగడం మొదలవగానే నేను మిషను మీద చేయి పెట్టుకుని పెద్దగా ఏడ్చేశాను. కంపుకు తిట్టడానికి వచ్చిన టీ కొట్టు అన్న గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు.

చెప్పులు తయారయ్యాయని ఈశ్వరమ్మకు ఫోన్ చేశాను. “గట్టిగా చేసినామమ్మా. పోయే దోవలో ఆయనకు ఏ ముల్లూ దిగదు” అన్నాను.

“దోవలో వేసుకుంటాడులే అక్కా” అంది ఆమె. “ఆడికి పోయినాక సామి వాకిట్లో విడిచేస్తాడు, నాకు తెల్దా.”

నవ్విందో ఏడ్చిందో ఫోనులో తెలియలేదు.

ఇప్పటికీ ఓబులేసన్న షుగర్ కాళ్ళ గీతలు తెస్తూనే ఉన్నాడు. మందం, కిటికీ, పాస్‌లు అన్నీ తర్వాత. మనిషిని పిలిపించి ముందు ఒకటే అడుగుతాను: “చెప్పులు యాడ విడుస్తావు?” కొందరు నవ్వుతారు, కొందరు ‘ఈమెకెందుకు’ అన్నట్టు చూస్తారు. వంటింటి గడప కాడ అని ఒకామె, పొలం గట్టు మీద అని ఒకాయన చెప్పారు. అక్కడి నుంచి లోపలికి వాళ్ళ కాలు ఏం తొక్కుతుందో అదీ అడుగుతాను. అది తెలిసేదాకా మిషను ఆన్ చేయను.