కరెంటు పోతే మోగే ఫోను

నా ఉద్యోగం తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగిరీ. నా పిచ్చి మాత్రం ఏలూరులో మా వంటింటి పక్క గచ్చు మీద పీట వేసుకుని చేసే సోల్డరింగు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కొత్త సామాను కొనే స్తోమత లేదు కాబట్టి గూడెంలో సాయంత్రం రైలు ఎక్కేముందు పాత ఇనుప సామాన్ల కొట్లోకి తొంగి చూస్తాను. పాడైపోయిన స్టెబిలైజర్లు, చార్జర్లు, టేప్ రికార్డర్లు అక్కడ తూకానికి దొరుకుతాయి. ఒకటి బాగుచెయ్యడానికి రెండు పాడుచేస్తానని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఇంతకాలంగా నేను చేసినవాటిలో ఒకరికి నిజంగా పనికొచ్చిన వస్తువు ఒక్కటే, దాని సంగతే ఇది.

మా అక్కని మండవల్లి దగ్గర చేపల చెరువుల వాళ్ళింట్లో ఇచ్చాం. చెరువు గట్టు మీద రేకుల గది ఒకటి ఉంటుంది, దాన్ని మకాం అంటారు. రాత్రంతా చెరువులో ఏరేటర్లు తిరుగుతూ నీళ్ళని చిలుకుతుంటాయి. కరెంటు పోయి అవి ఆగితే తెల్లారేసరికి గాలి చాలక చేపలు తేలిపోతాయి. అందుకని ఎవరో ఒకరు మకాంలో పడుకుని, చప్పుడు ఆగగానే లేచి జనరేటరు వెయ్యాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మా బావే.

బావకి ఆయాసం. గట్టు మీది చెమ్మకి అది ఏటికేడాది ముదిరింది. ఏలూరులో చూపిస్తే, మందులు సరే, ముందు పొడిగా ఉన్నచోట పడుకోమన్నాడు డాక్టరు. బావ బుద్ధిగా తల ఊపి, ఆ రాత్రికి మళ్ళీ మకాంకే వెళ్ళాడట. అక్క నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇంట్లో కూర్చుని ఏవేవో చేస్తుంటావుగా. ఆయన ఇంట్లో పడుకునే దారి ఒకటి చెయ్యరా."

అక్క నా పనిని పనిగా లెక్కేసి మాట్లాడటం అదే మొదలు. పైకి చెప్పలేదు గానీ నాకు చాలా సంతోషం వేసింది.

చేసింది చిన్న యంత్రమే. పాత బటన్ల ఫోన్లో రెండో నంబరు బటన్ నొక్కి పట్టుకుంటే బావకి కాల్ వెళ్ళేటట్టు పెట్టాను. ఆ బటన్ కింద రెండు వైర్లు అతికి, నొక్కే పని ఒక రిలేకి అప్పజెప్పాను. కరెంటు ఉన్నంతసేపూ రిలే తన రెండు రేకుల్నీ విడదీసి పట్టుకుంటుంది. కరెంటు పోగానే వదిలేస్తుంది, రేకులు టక్కున కలుస్తాయి, ఇంట్లో బావ ఫోను మోగుతుంది. బావ బండి మీద వెళ్ళి జనరేటరు వేస్తాడు. రిలేని పాత స్టెబిలైజరులోంచి పీకాను. పైన ఉండాల్సిన ప్లాస్టిక్ మూత అప్పటికే పగిలిపోయి ఉంది. అంతా ఒక టిఫిన్ డబ్బాలో పెట్టి మూసేదే కదా, దీనికి మళ్ళీ మూతెందుకు అనుకున్నాను.

మకాంలో బిగించిన రోజున అక్క అత్తగారు కూడా చూడటానికి వచ్చింది. బావకి తల్లి, పెద్దావిడ. నేను కరెంటు తీశాను. డబ్బాలో టక్కుమంది, బావ జేబులో ఫోను మోగింది. మనిషి లేకుండా నొక్కుతున్నదెవరని పెద్దావిడ అడిగింది. నేను పెద్ద ఇంజనీరులాగా డబ్బా తెరిచి, "ఇదిగోనండీ అత్తయ్యగారూ, దీని ప్రాణమంతా ఇక్కడుందండీ" అని రిలే చూపించాను. ఆవిడ శ్రద్ధగా వంగి చూసింది.

ఆ వానాకాలమంతా డబ్బా పనిచేసింది. కరెంటు పోయిన ప్రతిసారీ ఫోను మోగింది, బావ వెళ్ళి జనరేటరు వేసి వచ్చి మళ్ళీ పడుకున్నాడు. ఆయన గురకకి తనకి నిద్ర పట్టడం లేదని అక్క ఫోన్లో ఫిర్యాదు చేసేది. అంత సంబరంగా చేసిన ఫిర్యాదు నేనెప్పుడూ వినలేదు.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి అక్క పొద్దున్నే ఫోన్ చేసింది. కరెంటు పోయిందట, ఫోను మోగలేదట. పెద్ద చెరువు పోయింది.

నేను వెళ్ళేసరికి శీలావతులూ బొచ్చెలూ గట్టువార పొట్టలు పైకి తేలి ఉన్నాయి. కూలీలు బుట్టలతో ఎత్తి పోస్తున్నారు. బావ నన్ను ఒక్క మాట అనలేదు, ఎండలో వచ్చావు మంచినీళ్ళు తాగమన్నాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నేను మకాంలోకి వెళ్ళి డబ్బా తెరిచాను.

రిలే నిండా పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు.

ఆయుధపూజనాడు మోటార్లకీ, జనరేటరుకీ, బండికీ బొట్లు పెట్టి ఉంటారు. మా వైపు ఎవరమైనా పెడతాం, నేను మా ఇంట్లో సోల్డరింగు కడ్డీకి కూడా పెడతాను. పెద్దావిడ డబ్బా మూత మీద పెట్టి ఊరుకోలేదు. ప్రాణం ఎక్కడుందో నేనే చూపించాను కదా, అక్కడే పెట్టింది. తడి పసుపు రెండు రేకుల మధ్యకీ దిగి, ఎండి, పెచ్చు కట్టింది. కరెంటు పోయినప్పుడు రేకులు పసుపు మీద వాలాయి గానీ ఒకదాన్నొకటి తాకలేదు.

బయట బావ గొంతు వినిపిస్తోంది. వెళ్ళి చెప్పేస్తే నా డబ్బాకి పరువు దక్కుతుంది, బావ దాన్ని నమ్మి ఇంట్లోనే పడుకుంటాడు. కాకపోతే చెరువు పోయింది తన చేతి వల్లేనని వాళ్ళమ్మకి ఈ వయసులో తెలియాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. జేబురుమాలు తడిపి పసుపంతా తుడిచాను.

డబ్బా పట్టుకుని అక్కావాళ్ళింటికి వెళ్ళాక, సోల్డరింగు ఒకచోట వదులైందని చెప్పాను. రిలేకి మాత్రల డబ్బా ఒకటి కోసి మూత వేసి, అందరి ముందూ ప్లగ్గు పీకి చూపించాను. ఫోను మోగింది.

"బాగానే ఉందిలే" అన్నాడు బావ మెత్తగా. "దాని మానాన దాన్ని ఉండనీ. నేను మటుకు రాత్రికి మకాంలోనే పడుకుంటాను."

అక్క కాఫీ గ్లాసు నా చేతికిస్తూ నా వేళ్ళ వంక చూసింది. గోళ్ళ సందుల్లో పసుపు పోలేదు. నా మొహం చూసింది, తర్వాత అత్తగారి మొహం చూసింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెద్దావిడ నా పక్కకి వచ్చి కూర్చుని వీపు నిమిరింది.

"బాధపడకు బాబూ, చేతిపనన్నాక ఎక్కడో చోట పోతుంది. ఆయుధపూజనాడు గుర్తుపెట్టుకుని నీ మిషన్‌కి కూడా బొట్టు పెట్టానులే. అందుకే ఒక్క చెరువుతో పోయింది."

అవునండీ అత్తయ్యగారూ అన్నాను. వాకిట్లో బావ పక్కచుట్ట బండి వెనకాల పెట్టి తాడుతో కట్టుకుంటున్నాడు.